సంజాయిషీ

నెల్లిమర్లలో ఆ రాత్రి
మూడు రూపాయలకి నన్ను కుదిర్చారు,
మూగ సినిమాకి నోరుగా.

తవిటయ్య విజయనగరం నుంచి
సైకిలు వెనక కట్టుకొచ్చిన పెట్టెలో ఆరు రీళ్లు.
మొదటిది సగం ఎలకలు తిన్నాయి,
బొమ్మ పేరేమిటో ఈనాటికీ తెలీదు.
జూట్ మిల్లు గొడౌను ముందు
గోనెలు విప్పి, కలిపి కుట్టి, సున్నం పూసిన తెర.
ఆ దొరసాని నవ్వితే
బుగ్గ మీద మా జనపనార అల్లిక కనిపించేది.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టర్ని.
రేకు గొట్టం పట్టుకుని, గొంతు సవరించుకుని,
తెర మీద అక్షరాలు పడీ పడగానే
"ఓ సుందరీ, నీవు లేని నా జీవితము..." అన్నాను.

"ఊరుకోండి మేష్టారూ,"
ముందు వరసలోంచి అసిరమ్మ.
"ఆడలగ అన్లేదు.
గొడుగు కొంటవా, మానెస్తవా అన్నాడు."

నేల నేలంతా నవ్వింది.
అప్పటికి గానీ నాకు తట్టలేదు:
వీళ్లు రోజుకి ఎనిమిది గంటలు
మగ్గాల మోతలో ఉంటారు.
మాట చెవిదాకా రాదక్కడ.
పెదవి చూసి, వేలు చూసి, కనుబొమ చూసి
బట్వాడా సంగతీ, బిడ్డ జ్వరం సంగతీ
ఇంటికెళ్లి ఏం కూర వండాలో అదీ
చెప్పుకుంటారు.
ఆ జాగా మొత్తానికి మూగవాణ్ణి నేనొక్కణ్ణే.
గొట్టం కింద పెట్టి కూర్చున్నాను.

కథ ఏమంత పెద్దది కాదు.
గొడుగులమ్మే ఓ సన్నటి మనిషి.
చేతి తొడుగుల కొట్లో ఓ పిల్ల.
ఆమెని చూసే వంక కోసం రోజుకో గొడుగు
అక్కడ మరిచిపోతాడు.
చివరికి అమ్ముకోడానికి ఒక్కటీ మిగలదు,
ఆ రోజే కుండపోత.
ఇరవై గొడుగులున్న కొట్లోంచి
ఆ పిల్ల వట్టి చేతులతో బయటికొస్తుంది.
వాడు ఖాళీ పిడికిలి
ఆమె తల మీదికెత్తి పట్టుకుంటాడు,
గాలికి ఎగిరిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా.
ఆమె దాని కిందికి జరుగుతుంది.

అక్కడ రీలు తెగింది.
తవిటయ్య అతికించాడు. మళ్లీ వెయ్యమన్నారు.
మళ్లీ తెగింది. మళ్లీ వెయ్యమన్నారు.
చంపావతి మీంచి తెల్లారగట్ట చలి వచ్చేదాకా
ఆ ఇద్దరూ తడుస్తూనే ఉన్నారు.

సోమవారం బి షిఫ్టులో
కండెలు మోసుకెళ్తున్న అసిరమ్మ తల మీద
నేత ఖాతా గౌరీసు పిడికిలెత్తాడు.
జాబరు చూశాడు.
పిడికిలంటే ఆయనకి తెలిసింది ఒకటే.
సాయంత్రానికి మెమో:
'పని వేళలో నినాదము చేసినందుకు
సంజాయిషీ ఇచ్చుకోవలెను.'

కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.
"నానేటి సేసినాను మేష్టారూ,
వోన పడతందని..."
పైన రేకుల కప్పు. మండు వేసవి.
నేనేమీ అడగలేదు. నా బతుకులో
అంత నిజమైన ఇంగ్లీషు మళ్లీ రాయలేదు:
'అయ్యా, సదరు చేతిలో ఉన్నది గొడుగు.
తమ జాబరు గారికి కనబడనందున
పొరపాటు జరిగినది.'

రెండు రోజుల కూలి కోశారు.
తిరిగొచ్చిన కాగితం అంచున మాత్రం
పెన్సిలుతో చిన్న గొడుగు గీసి ఉంది.
మేనేజరో, గుమస్తావో. ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత మాటలున్న బొమ్మలు
వందల కొద్దీ చూశాను.
డైలాగులన్నీ కలిసిపోయి ఒకే గోల.
తవిటయ్య పోయాక రీళ్లు
పులిసిన వాసనేసి ముద్దయిపోయాయి.
మిల్లు గేటుకి తాళం పడి, తెరుచుకుని,
మళ్లీ పడి...
లెక్క మానేశాను.

మొన్న బస్టాండులో ఉన్నట్టుండి వాన.
రేకు కింద జాగా లేదు.
బీడీ పారేసి గౌరీసు
వణికే పిడికిలి పైకెత్తాడు.
పక్కనున్న కుర్రాళ్లు పెద్దాయనకేదో అయిందనుకున్నారు.
అసిరమ్మకి ఇప్పుడు చెవులు బొత్తిగా లేవు.
తల తిప్పి చూసింది,
తడిసిన ఎడమ భుజం చూపించింది,
రెండు వేళ్లతో సైగ చేసింది.

ఈ ఒక్కదానికీ నేను అర్థం చెప్పగలను:
కాస్త ఇటు వంచు.